స్లైడ్ చూడకుండా యాంటీబయాటిక్ రాయకండి: కుక్కల చర్మ, చెవి ఇన్ఫెక్షన్ల గురించి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పశువైద్య మండళ్ల సభ్యులకు, కుక్కలకు వైద్యం చేస్తున్న డాక్టర్లకు, పశువుల మందుల వాడకాన్ని పర్యవేక్షించే అధికారులకు,

నమస్కారం.

జంతువుల నుంచి తీసిన నమూనాల్లో ఏ బ్యాక్టీరియా పెరుగుతోందో, అది ఏ మందుకు లొంగుతుందో పరీక్షించి చెప్పే ల్యాబ్‌లో నేను పనిచేస్తున్నాను. కుక్కల చర్మం మీది చీము పొక్కుల నుంచి, చెవుల నుంచి తీసిన స్వాబ్‌లు మా దగ్గరికి వస్తుంటాయి. చాలా మందులకు ఒకేసారి లొంగని బ్యాక్టీరియా వాటిలో కనిపించడం ఇప్పుడు అరుదైన సంగతి కాదు. అంతకన్నా బాధ కలిగించేది, ఆ నమూనా మా చేతికి వచ్చే సమయం. అప్పటికే ఆ కుక్క మీద రెండు మూడు రకాల యాంటీబయాటిక్‌లు వాడేసి ఉంటారు. ఇదంతా వివరిస్తూ సంబంధిత వృత్తి సంఘానికి లేఖ రాశాను. గుర్తు చేస్తూ మళ్లీ రాశాను. లేఖ అందిందన్న సమాచారం తప్ప జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

ఏ ఒక్క డాక్టరు మీదా ఫిర్యాదు చేయాలని ఇది రాయడం లేదు. నొప్పితో తల విదిలిస్తున్న కుక్క, పక్కనే టెన్షన్ పడుతున్న మనిషి, బయట ఎదురుచూస్తున్న మరికొందరు. ఆ ఒత్తిడిలో మందు రాసి పంపేయడమే సులువని నాకు తెలుసు. అయినా అడగక తప్పడం లేదు. నేను అడిగేది ముఖ్యంగా ఒక్కటే: మైక్రోస్కోప్ కింద స్లైడ్ చూడకుండా కుక్క చర్మానికి గానీ, చెవికి గానీ యాంటీబయాటిక్ రాయకండి. కింద రాసినవన్నీ దాని వెంట వచ్చేవే.

జరుగుతున్నది ఇది

నమూనాతో పాటు మాకు ఒక ఫారం వస్తుంది. అందులో ఇంతకుముందు వాడిన మందులు రాయడానికి చోటు ఉంటుంది. తరచుగా అది ఖాళీగానే ఉంటుంది. ఫోన్ చేసి అడిగితే కథ బయటికొస్తుంది. మొదట ఒక ఇంజెక్షన్, తగ్గినట్టే తగ్గి మళ్లీ రాగానే మాత్రలు, తర్వాత ఇంకో రకం మాత్రలు, వాటితో పాటు స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసిన చెవి చుక్కలు. ఈ మొత్తంలో ఒక్కసారైనా స్లైడ్ చూశారా అని అడిగితే, చాలాసార్లు లేదనే జవాబు.

కుక్క చర్మం మీద చీము పొక్కులకు ఎక్కువగా కారణమయ్యేది స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్. దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది 2005లోనే. అంతకుముందు దీన్ని దగ్గరి జాతి అయిన ఇంటర్మీడియస్ పేరుతోనే పిలిచేవారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ముక్కులో, నోట్లో, మలద్వారం దగ్గర కూడా ఇది ఉంటుంది. చర్మం దెబ్బతిన్నప్పుడు, దురదతో కుక్క గోక్కుని నాక్కుని తడి చేసుకున్నప్పుడు రోగకారకంగా మారుతుంది.

పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ తరహా మందులు బ్యాక్టీరియా గోడ కట్టే ప్రోటీన్లను పట్టుకుని ఆ పని ఆపేస్తాయి. మెక్‌ఏ అనే జన్యువు సంపాదించుకున్న బ్యాక్టీరియా, ఆ మందులు పట్టుకోలేని మరో ప్రోటీన్‌ను తయారు చేసుకుని గోడ కట్టుకుంటూ పోతుంది. దాంతో అమాక్సిసిలిన్-క్లావులానేట్, సెఫలెక్సిన్, సెఫ్‌పోడాక్సిమ్, సెఫోవెసిన్ అన్నీ ఒకే దెబ్బకు పనికిరాకుండా పోతాయి. ఇలాంటి బ్యాక్టీరియానే ఎంఆర్‌ఎస్‌పీ, అంటే మెథిసిలిన్ తరహా మందులకు లొంగని సూడింటర్మీడియస్, అంటున్నాం. 2000 దశకం మధ్య నుంచి ఇది వేగంగా వ్యాపించింది. యూరప్‌లో ఎస్‌టీ71, ఉత్తర అమెరికాలో ఎస్‌టీ68 అనే వంశాలు ముందుగా విస్తరించాయి. వీటిలో చాలా వాటికి క్లిండమైసిన్, ఫ్లోరోక్వినోలోన్లు కూడా పనిచేయవు. అంటే ఒక మందు విఫలమైందని ఊహతో రెండో మందుకు మారితే, అదీ విఫలమయ్యే అవకాశం ఎక్కువ. పైగా అంతకుముందు యాంటీబయాటిక్‌లు వాడిన కుక్కల్లోనే ఎంఆర్‌ఎస్‌పీ ఎక్కువగా కనిపిస్తోందని పరిశోధనలు పదేపదే చూపించాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎంఆర్‌ఎస్‌పీ మామూలు దానికంటే భయంకరమైన జబ్బు తెచ్చిపెట్టదు. పొక్కులు అవే, దురద అదే. దాన్ని తగ్గించడానికి మన చేతిలో ఉన్న మందులే తక్కువ. రిపోర్టులో ఆ పేరు చూసి కుక్కను వదిలించుకోవాలనుకునే కుటుంబాలకు ఈ తేడా చెప్పేవాళ్లు కావాలి.

చెవి సంగతి ఇంకా చిక్కు. కుక్క చెవి నాళం కిందికి దిగి, మలుపు తిరిగి లోపలికి పోతుంది. గాలి ఆడదు, తడి ఆరదు. వాపు వస్తే దారి మూసుకుపోతుంది. అక్కడ సూడోమోనాస్ ఎరుజినోసా చేరిందంటే, అమాక్సిసిలిన్-క్లావులానేట్, సెఫలెక్సిన్ లాంటివి దానికి పుట్టుకతోనే పనిచేయవు. దాని బయటి పొర మందును లోపలికి సులువుగా రానివ్వదు. వచ్చినదాన్ని పంపుల్లాంటి ప్రోటీన్లు బయటికి తోసేస్తాయి. పైన జిగట పొర, అంటే బయోఫిల్మ్, కప్పుకుంటుంది. పాలిమిక్సిన్, జెంటామైసిన్ లాంటి చుక్కల బలం చీములో తగ్గిపోతుంది. అంటే చెవి శుభ్రం చేయకుండా పోసిన చుక్కలు చీముకే ఖర్చైపోతాయి. వాపు తగ్గించకపోతే అవి లోపలికే చేరవు. ఇలాంటి చెవికి స్లైడ్ చూడకుండా మాత్రలు రాసి పంపితే సూడోమోనాస్‌కు ఏమీ కాదు. కుక్క ఒంట్లోని మిగతా బ్యాక్టీరియా మాత్రం ఆ మందుకు అలవాటు పడుతుంది.

అసలు చాలా కుక్కల్లో బ్యాక్టీరియా మొదటి కారణమే కాదు. అలర్జీ, ఫ్లీలు (బొచ్చులో గెంతుతూ రక్తం పీల్చే చిన్న పురుగులు), పిడుదులు, డెమోడెక్స్ పురుగు, థైరాయిడ్ లోపం, కుషింగ్ వ్యాధి, చెవిలో ఇరుక్కున్న గడ్డిముక్క, చెవి మైట్లు, ఇలా వెనకాల ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని వెతక్కుండా యాంటీబయాటిక్ మాత్రమే ఇవ్వడం, పైకప్పు కారుతుంటే నేల తుడుచుకుంటూ కూర్చోవడం లాంటిది. పొక్కులు తగ్గుతాయి, కొన్ని వారాల్లో మళ్లీ వస్తాయి, మళ్లీ ఒక కోర్సు. ప్రతి కోర్సులో లొంగే బ్యాక్టీరియా చస్తుంది, లొంగనిది మిగులుతుంది.

దీని భారం ఎవరి మీద పడుతోంది

1. కుక్కను పెంచుకునే మామూలు కుటుంబం మీద. మొదటి రోజే కొన్ని నిమిషాల స్లైడ్ పరీక్ష, మందు షాంపూ స్నానాలతో పోయేది, నెలల తరబడి సాగుతుంది. ప్రతి కోర్సుకూ డబ్బు, ప్రతి రాకకూ ఒక పూట పని పోవడం, రాత్రంతా కుక్క గోక్కుంటుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేకపోవడం. చివరికి కల్చర్ పరీక్ష (నమూనాలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూడటం) చేయించి చూస్తే, వాడగలిగిన మందులు ఒకటో రెండో మిగిలి ఉంటాయి. అవి కూడా ఖరీదైనవే. ఇంత ఖర్చు పెట్టలేక వైద్యం మధ్యలో ఆపేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు కుక్క మీద ప్రేమ తక్కువై కాదు.

2. కుక్క మీద. మిగిలే మందులు మెత్తనివి కావు. అమికాసిన్ మూత్రపిండాలను దెబ్బతీయగలదు, ఇంజెక్షన్‌గానే ఇవ్వాలి. రిఫాంపిసిన్ కాలేయానికి హాని చేయగలదు, పైగా ఒంటరిగా వాడితే బ్యాక్టీరియా దానికి త్వరగా అలవాటు పడుతుంది. క్లోరాంఫెనికాల్ రోజుకు మూడుసార్లు వేయాలి. కొన్ని కుక్కల్లో వెనక కాళ్లు బలహీనపడతాయి, వాంతులు అవుతాయి. ఎదుగుతున్న కుక్కపిల్లలకు ఫ్లోరోక్వినోలోన్లు ఇస్తే కీళ్ల మృదులాస్థి దెబ్బతినే ప్రమాదం ఉంది. చెవి విషయంలో చివరి మెట్టు ఆపరేషన్. ఏళ్ల తరబడి మానని వాపుతో చెవి నాళం గట్టిపడి మూసుకుపోతే, నాళం మొత్తం తీసేయాల్సి వస్తుంది. ఆ కుక్క వినికిడి బాగా తగ్గిపోతుంది. ముఖ నరం దెబ్బతినే ప్రమాదం కూడా ఉన్న పెద్ద ఆపరేషన్ అది. దాని దాకా వచ్చిన ప్రతి చెవీ ఒకప్పుడు మొదటిసారి వాచిన చెవే.

3. మందు వేసే చేతి మీద. క్లోరాంఫెనికాల్ వల్ల కొందరు మనుషుల్లో, అరుదుగానే అయినా, ఎముక మజ్జ రక్తం తయారు చేయడం ఆపేసే ప్రాణాంతక జబ్బు వస్తుంది. అందుకే ఆ మాత్రను చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. ఇంట్లో కుక్కకు మాత్ర వేసేది ఎవరు? చాలాసార్లు పెద్దవాళ్లో, బడికెళ్లే పిల్లలో. ఈ జాగ్రత్త వాళ్లకు చెప్పాలి, రాసి ఇవ్వాలి.

4. ఇంట్లోని మిగతావాళ్ల మీద, ఆసుపత్రికి వచ్చే ఇతర కుక్కల మీద. ఎంఆర్‌ఎస్‌పీ మనుషులకు జబ్బు తేవడం అరుదు. అయినా గాయాలున్నవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో అలాంటి కేసులు నమోదయ్యాయి. పొక్కులు మానిన తర్వాత కూడా కుక్క ఆ బ్యాక్టీరియాను నెలల తరబడి మోయగలదు. పరీక్ష బల్ల, జుట్టు కత్తిరించే యంత్రం, చెవిలో పెట్టి చూసే గొట్టం, అన్నిటికన్నా ముఖ్యంగా మన చేతులు, ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు దాన్ని మోసుకెళ్తాయి. ఇక మనుషుల్లో ఉండే ఎంఆర్‌ఎస్‌ఏ (ఇలాగే మందులకు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్) ఎక్కువగా మనుషుల నుంచే కుక్కలకు అంటుతుంది. కాబట్టి కుక్కనే దోషిగా చూడటం సరికాదు.

5. మనుషుల మందుల మీద. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల ప్రపంచంలో నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని, 49.5 లక్షల మరణాల్లో దానికి పాత్ర ఉందని 2022లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాలకు కుక్కల చికిత్స కారణమని నేను అనడం లేదు. కానీ కుక్కల చెవుల్లో వాడుతున్న ఫ్లోరోక్వినోలోన్లు, పాలిమిక్సిన్, కుక్కల చర్మానికి ఇస్తున్న మూడో తరం సెఫలోస్పోరిన్లు, మనిషికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఆధారపడే కుటుంబాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రచురించిన జాబితాలో ఈ మూడు రకాలనూ మనుషుల వైద్యానికి అత్యంత ప్రాధాన్యం గలవిగా పెట్టింది. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ వీటిని జంతువుల్లో పరిమితంగానే వాడాల్సిన బి వర్గంలో చేర్చింది. ఇవి మొదటి రోజు రాసే మందులు కాకూడదు.

మా కోరికలు

మా అని ఎందుకంటున్నానంటే, ఇవి నా ఒక్కడి మాటలు కావు. చర్మ వ్యాధుల్లో ప్రత్యేక శిక్షణ పొందిన పశువైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నవే. పెంపుడు జంతువుల అంటువ్యాధులపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఎస్‌సీఏఐడీ 2014లో ఒకసారి, 2025లో మరింత విస్తరించి మరోసారి, కుక్కల చర్మ ఇన్ఫెక్షన్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. కాగితం మీద ఉన్నది క్లినిక్‌లోకి రావాలి.

1. స్లైడ్ చూడటాన్ని తప్పనిసరి చేయండి. పొక్కు మీద స్లైడ్ ఆనించో, టేపు అంటించి తీసో, చెవిలో స్వాబ్ తిప్పి గాజు మీద దొర్లించో, రంగు వేసి చూడటానికి కొన్ని నిమిషాలు చాలు. గుండ్రని బ్యాక్టీరియా ఉందా, కడ్డీల్లాంటివి ఉన్నాయా, వేరుశనగ కాయ ఆకారంలో కనిపించే మలసీజియా ఈస్ట్ ఉందా, తెల్లకణాలు బ్యాక్టీరియాను మింగుతున్నాయా అన్నది కనిపిస్తుంది. ఈస్ట్ ఒక్కటే ఉంటే ఏ యాంటీబయాటిక్‌తోనూ పని లేదు. కడ్డీలు కనిపిస్తే ఆ చెవిని మొదటి రోజు నుంచే జాగ్రత్తగా చూడాలి. కల్చర్ రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది, స్లైడ్ కుక్క బల్ల మీద ఉండగానే జవాబు చెబుతుంది. పైగా కల్చర్‌లో పెరిగినదల్లా రోగకారకం కాదు, ఆ తేడా తేల్చేది కూడా స్లైడే. ప్రతి రోగి రికార్డులో స్లైడ్‌లో ఏం కనిపించిందో రాయాలన్న నియమాన్ని మండళ్లు పెట్టాలి. యాంటీబయాటిక్ రాసిన చోట ఆ వరుస ఖాళీగా ఉండకూడదు.

2. పైపై ఇన్ఫెక్షన్లకు మొదట మాత్రలు వద్దు. చర్మం పైపొరకు, వెంట్రుకల కుదుళ్లకు పరిమితమైన ఇన్ఫెక్షన్‌కు యాంటిసెప్టిక్ స్నానాలు, స్ప్రేలు, తుడిచే ప్యాడ్‌లే మొదటి వైద్యమని 2025 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. క్లోర్‌హెక్సిడిన్ 2 నుంచి 4 శాతం ఉన్న షాంపూను వారానికి రెండు మూడుసార్లు, నురుగు ఒంటి మీద 10 నిమిషాలు ఉండేలా వాడితే, ఎంఆర్‌ఎస్‌పీ అయినా సాధారణంగా లొంగుతుంది. ఎందుకంటే నేరుగా చర్మం మీద పడే మందు గాఢత ముందు మెక్‌ఏ జన్యువు చేయగలిగేది ఏమీ లేదు. పెద్ద కుక్కను, దట్టమైన బొచ్చున్న కుక్కను అన్నిసార్లు స్నానం చేయించడం జరిగే పని కాదని డాక్టర్లు అంటారు. కొందరి విషయంలో అది నిజమే. కానీ ఎలా చేయాలో చూపించి, ఎందుకో చెప్పి, 10 నిమిషాలు గడియారం చూడమంటే చేసేవాళ్లు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. వాళ్లను అడగకముందే చేయరని తీర్మానించి మాత్ర రాయడం సరికాదు. స్నానం కుదరని చోట స్ప్రే, మూస్ ఉన్నాయి.

3. నోటి ద్వారానో ఇంజెక్షన్‌గానో యాంటీబయాటిక్ ఇవ్వాలనుకుంటే ముందు కల్చర్‌కు పంపండి. ముఖ్యంగా లోతైన చీము గడ్డలు, ఒక కోర్సు తర్వాత తగ్గనివి, మళ్లీ మళ్లీ వచ్చేవి, ఇంతకుముందు ఎంఆర్‌ఎస్‌పీ బయటపడిన కుక్కలు, స్లైడ్‌లో కడ్డీలు కనిపించినవి. వీటిలో ఊహకు తావు ఇవ్వకండి. నమూనా పంపేటప్పుడు ఆ ఫారం నింపండి. ఏ చోటు నుంచి తీశారు, ఏ మందులు వాడారు, ఎప్పుడు ఆపారు అన్నది తెలిస్తేనే మేం సరైన జవాబు ఇవ్వగలం. పాత గాయం పైనుంచి తుడిచిన స్వాబ్ కంటే, పగలని పొక్కును సూదితో తెరిచి తీసినది, లేదా పక్కు కింది నుంచి తీసినది ఎంతో విలువైనది.

4. మా ల్యాబ్‌లకు కూడా నియమాలు పెట్టండి. ఇది మా వృత్తికి సంబంధించింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మనుషుల ఎంఆర్‌ఎస్‌ఏను పట్టడానికి ల్యాబ్‌లో సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న చిన్న కాగితపు బిళ్ల వాడతారు. సూడింటర్మీడియస్ విషయంలో అది నమ్మదగినది కాదు, ఎంఆర్‌ఎస్‌పీని మామూలుదిగా చూపించే ప్రమాదం ఉంది. దీనికి ఆక్సాసిలిన్‌తోనే పరీక్షించాలి. జాతి పేరు తేల్చకుండా కేవలం స్టెఫైలోకాకస్ అని రాసి పంపే రిపోర్టు వల్ల ఏ ప్రమాణంతో కొలిచారో డాక్టరుకు తెలియదు. మరో విషయం చెవి రిపోర్టు. మేం సెన్సిటివ్ (లొంగుతుంది), రెసిస్టెంట్ (లొంగదు) అని రాసేది మందు రక్తం ద్వారా చేరే మోతాదును బట్టి. చెవి చుక్కల్లో మందు గాఢత దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి రిపోర్టులో రెసిస్టెంట్ అని ఉన్న మందు చుక్కలుగా పనిచేయవచ్చు. ఈ ఒక్క వాక్యాన్ని ప్రతి చెవి రిపోర్టు కింద ముద్రించమని అన్ని ల్యాబ్‌లనూ ఆదేశించండి. అలాగే మనుషులకు చివరి ఆసరాగా ఉంచుకునే వాంకోమైసిన్, లైనెజోలిడ్ లాంటి మందుల పేర్లు కుక్కల రిపోర్టుల్లో మామూలుగా కనిపించకూడదు. జాబితాలో పేరు ఉంటే రాయాలనిపిస్తుంది.

5. ఆ చివరి మందులను కుక్కల చర్మానికి, చెవులకు వాడొద్దని రాతపూర్వకంగా నిషేధించండి. యూరోపియన్ యూనియన్ పశువుల మందులపై 2019/6 నియంత్రణను 2022 జనవరి 28 నుంచి అమలు చేస్తూ, అదే సంవత్సరం 2022/1255 నియంత్రణ ద్వారా కొన్ని యాంటీబయాటిక్‌లను మనుషులకే కేటాయించింది. వాంకోమైసిన్ కుటుంబం, లైనెజోలిడ్ కుటుంబం, కార్బపెనెమ్‌లు అందులో ఉన్నాయి. అంత పెద్ద వ్యవస్థ చేయగలిగినది మిగతా చోట్ల కుదరదని ఎవరూ అనలేరు.

6. తేదీ చూసి కోర్సు ఆపే అలవాటు పోవాలి. పైపై ఇన్ఫెక్షన్‌కు మందు వాడాల్సి వస్తే మొదట 2 వారాలకు, లోతైనదానికి 3 వారాలకు రాసి, అది అయిపోయేలోపు కుక్కను మళ్లీ చూసి, ఆపాలా కొనసాగించాలా నిర్ణయించమని కొత్త మార్గదర్శకాలు చెబుతున్నాయి. చెవిని అయితే మళ్లీ స్లైడ్ చూసే ఆపాలి. వాసన పోయింది, తల విదిలించడం తగ్గింది కదా అని ఇంట్లో ఆపేస్తే లోపలి మలుపు దగ్గర ఇన్ఫెక్షన్ అలాగే ఉండిపోవచ్చు. ఈ రెండోసారి చూడటానికి ఫీజు తగ్గించే ఏర్పాటు చేస్తే చాలామంది తప్పకుండా వస్తారు.

7. మందుల దుకాణంలో చీటీ లేకుండా అమ్మకం, మనుషుల మిగులు మాత్రలు కుక్కకు వేయడం, ఈ రెండింటినీ అధికారులు అడ్డుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర మనిషి ఒంట్లో పట్టినట్టు కుక్క ఒంట్లో పట్టదు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ మధ్య చాలా తేడా ఉంటుంది. చాలని మోతాదులో చేరిన మందు జబ్బును తగ్గించదు, బ్యాక్టీరియాకు మాత్రం శిక్షణ ఇస్తుంది. కర్ణభేరి పగిలిందో లేదో చూడకుండా పోసే చుక్కలూ అంతే ప్రమాదం. జెంటామైసిన్ లాంటివి లోపలి చెవికి చేరితే వినికిడి, సమతూకం రెండూ పోవచ్చు.

8. మూడోసారి వచ్చిన చర్మ లేదా చెవి ఇన్ఫెక్షన్‌కు, అసలు కారణం కోసం ఏం వెతికారో రికార్డులో రాయకుండా కొత్త యాంటీబయాటిక్ రాయకూడదన్న నియమం కావాలి. ఫ్లీలు, పిడుదుల మందు సరిగ్గా వాడారా, చర్మం గీకి మైట్ల కోసం చూశారా, ఆహార అలర్జీ పరీక్షగా తిండి మార్చి చూశారా, హార్మోన్ పరీక్షలు అయ్యాయా. దురదను అదుపు చేసే మందులు ఇప్పుడు బాగానే ఉన్నాయి. దురద ఆగితే చర్మం తనను తాను కాపాడుకుంటుంది.

9. ల్యాబ్‌ల లెక్కలు బయట పెట్టండి. ఏ బ్యాక్టీరియా ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో, పేర్లు లేకుండా, ఏటా ఒకచోట ప్రచురిస్తే, తన ప్రాంతంలో ఏది పనిచేయడం లేదో డాక్టరుకు తెలుస్తుంది. ఈ లెక్కలు చాలా ల్యాబ్‌ల కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి. ఎవరూ అడగకపోవడం వల్లే అక్కడే ఉండిపోయాయి.

కుక్కలను పెంచుకుంటున్నవారికి కూడా రెండు మాటలు. డాక్టరు దగ్గర యాంటీబయాటిక్ కావాలని పట్టుబట్టకండి. మందు రాయకుండా షాంపూ ఇచ్చి పంపిన డాక్టరు తక్కువ చేసినట్టు కాదు, బహుశా మీ కుక్కకు ఎక్కువ మేలు చేసినట్టే. స్లైడ్ చూశారా అని మర్యాదగా అడగండి. ఏ మందు, ఎన్ని రోజులు వాడారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, డాక్టరు మారినప్పుడు అది చూపించండి. దూదిపుల్లతో చెవి లోపల పొడవకండి, అది మురికిని ఇంకా లోపలికే తోస్తుంది. రిపోర్టులో ఎంఆర్‌ఎస్‌పీ అని వస్తే కంగారు పడి కుక్కను వదిలేయకండి. పొక్కులు మానేదాకా వాటిని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, మీ గాయాలను కుక్క నాకకుండా చూసుకోండి, మరో ఆసుపత్రికి వెళ్తే లోపలికి అడుగుపెట్టకముందే ఆ విషయం చెప్పండి.

మండళ్లకు, అధికారులకు: ఈ లేఖలోని 9 కోరికల్లో దేన్ని ఎప్పటిలోగా అమలు చేస్తారో, దేన్ని చేయలేరో, ఎందుకు చేయలేరో, 90 రోజుల్లోగా రాతపూర్వకంగా, అందరికీ కనిపించేలా ప్రకటించాలని కోరుతున్నాను. అన్నీ ఒకేసారి కుదరకపోతే మొదటిదానితో మొదలుపెట్టండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. శిక్షణ ఇవ్వాల్సి వస్తే, స్లైడ్ తయారు చేయడం, చదవడం నేర్పించడానికి నేనూ, నాతో పనిచేసేవాళ్లూ ఫీజు లేకుండా వస్తాం. తేదీ, చోటు మీరే చెప్పండి.

ఇట్లు,
పశువైద్య ల్యాబ్‌లో పనిచేస్తున్న ఒక సూక్ష్మజీవ శాస్త్ర ఉద్యోగి